ఫైలు చదివే గొంతు

నా ఉద్యోగమే వినడం. అమెరికాలో ఒక డాక్టరు పేషెంటుని చూసి పంపించాక రికార్డర్ ముందు గబగబా నాలుగు ముక్కలు చెప్పేస్తాడు. ఆ ఆడియో హైదరాబాద్‌లో మా హెడ్‌ఫోన్లలోకి వస్తుంది. కాలి కింద పెడల్ ఉంటుంది. నొక్కితే గొంతు నడుస్తుంది, వదిలితే ఆగుతుంది, ఎడమ పక్క నొక్కితే కాస్త వెనక్కి పోతుంది. నేను చేరిన కొత్తలో ప్రతి మాటా మేమే టైప్ చేసేవాళ్ళం. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ తనకి వినపడింది టైప్ చేసి ఇస్తుంది, మేము విని దిద్దుతాం. అర్థం కానిచోట ఊహించి రాయకూడదు. ఖాళీ వదిలి పైవాళ్ళకి ఫ్లాగ్ చేయాలి. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అంటారు ఈ పనిని.

ఒక హారర్ పాడ్‌కాస్ట్ గురించి రాద్దామని కూర్చుని ఉద్యోగం సంగతి ఎత్తుకున్నానేంటి అనుకోకండి. ఆ పాడ్‌కాస్ట్ నన్ను ఇంతగా ఎందుకు పట్టుకుందో ఈ పని గురించి చెప్పకుండా చెప్పలేను.

దాని పేరు ద మాగ్నస్ ఆర్కైవ్స్. లండన్‌కి చెందిన రస్టీ క్విల్ అనే సంస్థ సొంతంగా తీసింది. వెనకాల టీవీ ఛానల్ లేదు, రేడియో స్టేషన్ లేదు. 2016 మార్చిలో మొదలై 2021 మార్చిలో ముగిసింది. సీజన్‌కి 40 చొప్పున 5 సీజన్లు, మొత్తం 200 ఎపిసోడ్లు. మొదట్లో ఒక్కోటి సుమారు 20, 25 నిమిషాలు. రాసింది జొనాథన్ సిమ్స్. ముఖ్యపాత్రకి గొంతు ఇచ్చింది కూడా ఆయనే, ఆ పాత్రకి తన పేరే పెట్టాడు. డైరెక్ట్ చేసింది అలెగ్జాండర్ జె. న్యూఆల్. ఆయనే మార్టిన్ అనే అసిస్టెంటుగా కూడా నటించాడు. రాసినవాడే చదవడం, తీసినవాడే నటించడం. మన ఊళ్ళలో నాటకాలు వేసేవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు.

కథలో మాగ్నస్ ఇన్‌స్టిట్యూట్ అని ఒక పాత సంస్థ ఉంటుంది, లండన్‌లోనే. అంతుపట్టని అనుభవం ఎదురైన మనుషులు అక్కడికి వచ్చి వాంగ్మూలం రాసిచ్చి వెళ్తారు. రెండొందల ఏళ్ళుగా వచ్చినవి గుట్టలుగా పడి ఉంటాయి. పాత ఆర్కైవిస్ట్, అంటే ఆ కాగితాలు చూసుకునే మనిషి, గెర్ట్రూడ్ రాబిన్సన్ పోయింది. ఆవిడ ఏ కాగితం ఎక్కడ పెట్టిందో ఎవరికీ తెలీదు. కొత్తగా ఆ కుర్చీలోకి వచ్చిన జొనాథన్ ఆ కాగితాలన్నీ చదివి కంప్యూటర్‌లోకి రికార్డు చేద్దామని కూర్చుంటాడు. చాలావరకు బాగానే రికార్డవుతాయి. కొన్ని మాత్రం ఎన్నిసార్లు చదివినా గరగర తప్ప ఇంకేం రాదు. అవి రికార్డు కావాలంటే పాతకాలం క్యాసెట్ టేప్ ఒక్కటే దారి. మనం వినేవి ఆ టేపులే.

మొదట్లో దాదాపు ప్రతి ఎపిసోడూ ఒకే పద్ధతిలో నడుస్తుంది. బటన్ నొక్కిన చప్పుడు. ఫలానావారి వాంగ్మూలం, ఫలానా విషయం గురించి, ఫలానా తేదీన ఇచ్చినది, ఆడియో రికార్డింగ్ ఫలానా. తర్వాత కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చదువుతాడు. చివర్లో వాంగ్మూలం సమాప్తం అని చెప్పి, తన మాటగా నాలుగు వాక్యాలు కలుపుతాడు. మా వాళ్ళు ఈ పేర్లున్నవాళ్ళని వెతికారు, ఒకరు దొరికారు, ఒకరు దొరకలేదు, పోలీసు రికార్డులో ఇలా ఉంది, ఇందులో నమ్మదగ్గది పెద్దగా లేదు. టేప్ ఆగిపోతుంది.

ఇది విన్న మొదటి రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ గొంతు నాకు ముందే తెలుసు. రోజూ నేను ఆఫీసులో వినేది అదే. ఎంత కడుపు తరుక్కుపోయే సంగతైనా డిక్టేషన్‌లో డాక్టరు గొంతు మారదు. మెట్ల మీద జారి పడ్డానని పేషెంటు చెబుతోంది, గాయాలు ఆ మాటకి సరిపోయేలా లేవు, పీరియడ్, నెక్స్ట్ పేరాగ్రాఫ్. తర్వాతి వాక్యంలో బీపీ. ఆ రెండు వాక్యాల మధ్య ఒక మనిషి బతుకంతా ఉంటుంది, దాన్ని చెప్పే గొంతు మాత్రం కందిపప్పు ధర చెబుతున్నట్టు ఉంటుంది. భయమేసేది అరుపుకి కాదు. అరవాల్సిన చోట ఎవరూ అరవకపోతే వేస్తుంది. ఈ పాడ్‌కాస్ట్ రాసినాయన ఆ గుట్టు పట్టుకున్నాడు. ఖర్చు లేని పని కాబట్టి ఒక్క గొంతుతో సరిపెట్టుకున్నారని కొందరంటారు. నాకైతే ఎంత డబ్బున్నా ఈ కథని వేరేలా చెప్పడం కుదరదనిపిస్తుంది.

మొదటి ఎపిసోడ్ యాంగ్లర్‌ఫిష్. నేథన్ వాట్స్ అనే కుర్రాడు ఎడిన్‌బరోలో ఒక రాత్రి తాగి ఇంటికి నడిచిపోతుంటాడు. ఓల్డ్ ఫిష్‌మార్కెట్ క్లోజ్ అని అక్కడ నిజంగానే ఉన్న వీధి, ఏటవాలుగా కిందకి దిగే రాతి సందు. అక్కడ జారి పడి, లేవకుండా అక్కడే కూర్చుని సిగరెట్ చుట్టుకుంటుంటే ఎదురుగా చీకటి సందులోంచి ఎవరో అడుగుతారు, ఒక సిగరెట్ ఇస్తావా అని. ఈ అబ్బాయి ప్యాకెట్ చాపుతాడు. ఆ మనిషి ముందుకి రాడు. మళ్ళీ అదే మాట, అదే స్వరంలో, ఒక్క అక్షరం కూడా తేడా లేకుండా. మనిషి కొద్దిగా ఊగుతున్నాడు కూడా.

ఈ కథ తెనాలిలో ఉన్న మా అమ్మమ్మకి ఫోన్‌లో చెప్పాను. వీక్లీ ఆఫ్ రోజు రాత్రి భోజనాలయ్యాక ఆవిడతో మాట్లాడటం నాకు అలవాటు. ఆవిడ విజయవాడ రేడియో నాటకాలు విని పెరిగిన మనిషి. సంక్షిప్త శబ్ద చిత్రం వస్తోందంటే వంటింట్లో పొయ్యి తగ్గించి మరీ వినేవాళ్ళమని చెబుతుంది. కళ్ళు మూసుకుని కథ వినడం ఆవిడకి ఎవరూ నేర్పక్కర్లేదు. నేను సిగరెట్ దగ్గరికి వచ్చేసరికి అడ్డుపడింది.

"ఉండవే. వాడి కాళ్ళు కనపడ్డాయా ఈ పిల్లాడికి?"

"కనపడ్డాయి అమ్మమ్మా."

"నేల మీద ఉన్నాయా?"

నేనింకా అక్కడిదాకా రాలేదు. ఆ కథలో అసలు కీలకం అదే. తాగిన మత్తులో ఉన్న నేథన్‌కి కాసేపటికిగానీ అర్థం కాదు, ఆ మనిషి పాదాలు నేలకి ఆనడం లేదని. కాస్త పైన తేలుతున్నాయని.

"అనుకున్నా," అంది అమ్మమ్మ. "ఊగుతున్నాడంటే వాణ్ణి ఎవరో పట్టుకుని ఆడిస్తున్నారన్నమాట. గాలానికి ఎర గుచ్చినట్టు. వాడెక్కడున్నాడని కాదు చూడాల్సింది, వాడి వెనకాల ఏముందో చూడాలి."

సముద్రం అడుగున చీకట్లో ఉండే యాంగ్లర్‌ఫిష్ తన తల మీంచి ముందుకి వేలాడే చిన్న వెలుగుని చూపించి చేపల్ని నోటి దగ్గరికి రప్పించుకుంటుంది. టైటిల్‌కి అర్థం అదే. ఇంగ్లీషు ముక్క రాని మా అమ్మమ్మకి టైటిల్ చెప్పకుండానే కథ పట్టుబడింది. మన దెయ్యాల కథల్లో పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని చిన్నప్పుడు ఆవిడే చెప్పింది. మనిషి కాదని తేల్చుకోవాలంటే ముందు కాళ్ళు చూడాలన్నది ఆవిడకి ఎప్పటినుంచో తెలిసిన సంగతి. స్కాట్లండ్‌లోని సందులోనైనా చూపు అక్కడికే పోయింది.

నేథన్ వాంగ్మూలం అయ్యాక వచ్చే నాలుగు వాక్యాలే నన్ను నిజంగా వణికించాయి. ఆ చుట్టుపక్కల కొన్నేళ్ళలో కొంతమంది మాయమయ్యారని ఆర్కైవిస్ట్ మామూలుగా చదువుతాడు. వాళ్ళలో ఒకమ్మాయి చివరగా తీసిన ఫోటో దొరికింది. ఖాళీ సందు, ఏమీ లేదు. కాంట్రాస్ట్ పెంచి చూస్తే ఒక పొడవాటి సన్నటి చెయ్యి ఆకారం, నడుము ఎత్తులో. అది రమ్మని పిలుస్తున్నట్టుగా ఉందన్న భావన తనకి పోవడం లేదని ఒక్క వాక్యం చెప్పి, రికార్డింగ్ ముగిస్తాడు. మ్యూజిక్ హోరెత్తించి, తలుపు దభాలున తెరిచి భయపెట్టే సినిమాలు ఎన్నో చూశాను, ఆ ఒక్క వాక్యం ముందు ఏవీ నిలబడవు.

రెండో ఎపిసోడ్ డు నాట్ ఓపెన్. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. జాషువా గిలెస్పీ అనే కుర్రాడు ఆమ్‌స్టర్‌డామ్‌లో సరదాగా తిరుగుతుంటే ఒకడు పరిచయమై, ఒక వస్తువు నీ దగ్గర ఉంచు, తర్వాత వచ్చి తీసుకుంటాను అని 10,000 పౌండ్లు చేతిలో పెడతాడు. ఈయన డబ్బు ఖర్చుపెట్టి ఆ సంగతే మర్చిపోతాడు. చాలా కాలం గడిచాక బోర్న్‌మత్‌లోని ఇంటికి ఇద్దరు డెలివరీ మనుషులు ఒక శవపేటిక తెచ్చి దించి వెళ్ళిపోతారు. చుట్టూ గొలుసు, గొలుసుకి తాళం, తాళానికి తాళంచెవి. చెక్క మీద తెరవొద్దు అని గీకి ఉంటుంది.

తెరుస్తాడా తెరవడా అన్నది అక్కడ అసలు సమస్య కాదు. జాషువా బుద్ధిమంతుడు. తెరవాలని అతనికి ఏ కోశానా లేదు. ఇంట్లో ఒక మూల పెట్టుకుని తన పని తాను చేసుకుంటుంటాడు. వాన పడితే ఆ పెట్టె లోపలినుంచి మూలుగు. అది కూడా అలవాటు చేసుకుంటాడు. కానీ రాత్రి నిద్రలో లేచి నడుస్తున్నాడు. మెలకువ వచ్చేసరికి చేతిలో తాళంచెవి ఉంటోంది, పెట్టె ముందు నిలబడి ఉంటున్నాడు. అప్పుడతను ఏం చేశాడంటే, తాళంచెవిని గిన్నెలో నీళ్ళలో వేసి ఫ్రీజర్‌లో పెట్టాడు. నిద్రలో చెయ్యి పెడితే మంచు గడ్డ చల్లదనానికి మెలకువ వచ్చేస్తుంది. అంతే. పూజలు లేవు, భూతవైద్యుడు లేడు. ఇంట్లో ఉన్న గిన్నె, ఇంట్లో ఉన్న ఫ్రిజ్. ఎవరైనా చేసే పనే చేశాడు కాబట్టే ఆ పెట్టెని నేను నమ్మాను. చివర్లో ఏమైందో నేను చెప్పను, విన్నప్పుడు తెలుస్తుంది.

ట్రాన్స్‌క్రిప్షన్ పని చేసేవాళ్ళకి మాత్రమే నచ్చే సంగతి ఒకటి ఇందులో ఉంది. ప్రతి వాంగ్మూలానికీ ఒక నంబరు. మొదటిది 0122204. రెండోది 9982211. ఏదో నోటికొచ్చిన అంకెలనుకున్నాను. తర్వాత చూస్తే అది తేదీ, సంవత్సరంలో మొదటి అంకె ఒక్కటే తీసేశారు. 2012, 22వ తారీఖు, 4వ నెల. 1998, 22వ తారీఖు, 11వ నెల. రోజంతా ఫైల్ నంబర్లతో బతికేదాన్ని కాబట్టి అది గమనించినప్పుడు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఇలాంటివి ఇంకా బోలెడు. రెండో ఎపిసోడ్‌లో పెట్టె దించిపోయిన ఆ డెలివరీ మనుషులు, బ్రీకన్ అండ్ హోప్, తర్వాత వేరే ఎవరి వాంగ్మూలంలోనో ఇంకేదో దించుతూ కనపడతారు. లైట్నర్ అనే పేరున్న ముద్ర వేసిన పాత పుస్తకాలు ఒక్కో చోట ఒక్కోటి బయటపడతాయి. ఎవరూ మనకి చెప్పరు, ఇదిగో ఇది గుర్తుందా అని. పేరు వినపడుతుంది, ముందుకి పోతుంది. పెడల్ వదిలేసి వెనక్కి వెళ్ళి వినాలనిపిస్తుంది. నేను ఒక నోట్‌బుక్ పెట్టుకుని పేర్లు రాసుకుంటూ విన్నాను. ముప్పై ఎపిసోడ్లు దాటాక ఆ పేర్ల మధ్య గీతలు గీయడం మొదలుపెట్టాను. అప్పటికిగానీ తెలీలేదు, విడివిడి కథలు కావివి, ఒకే కథ ముక్కలని.

ఆ ఒకే కథ ఏమిటంటే, పెద్దగా విప్పకుండా చెబుతాను. మనుషుల భయాలే పద్నాలుగు శక్తులుగా ప్రపంచం అంచున కాచుకుని ఉన్నాయి. చీకటి భయం, ఇరుకులో నలిగిపోతామన్న భయం, పురుగు పట్టడం, ఒంటరితనం, చావు, ఎక్కడో పడిపోతామన్న అంతులేని ఎత్తు. వాటిలో ఒకటి, ఎవరో మనల్ని చూస్తున్నారన్న భయం. మన రహస్యాలన్నీ ఎవరికో తెలుసన్న భయం. వాంగ్మూలాలు దాచే ఆ ఇన్‌స్టిట్యూట్ ఎవరి పక్షమో ఇక మీరే ఊహించుకోవచ్చు.

శబ్దం విషయానికి వస్తే, మొదటి సీజన్‌లో ఉన్నవి చాలా తక్కువ. టేప్ తిరిగే సన్నటి సర్రుమన్న చప్పుడు, కాగితం కదలిక, ఎప్పుడో ఒకసారి తలుపు. చాలా పాడ్‌కాస్ట్‌లకి ఒక చిక్కు ఉంటుంది. పాత్రలు ఎక్కడో పరిగెడుతుంటాయి, అది మనకెలా వినపడుతోందో ఎవరూ చెప్పరు, మనమూ అడగం. ఇక్కడ ఆ ప్రశ్నకి జవాబు ఉంది. టేప్ నడుస్తుంటేనే మనకి వినపడుతుంది. టేప్ ఆపాక జరిగింది మనకి తెలీదు. 200 ఎపిసోడ్లూ ఈ నియమం మీదే నిలబడ్డాయి. అందుకే తర్వాతి సీజన్లలో ఎవరూ నొక్కకుండానే టేప్ రికార్డర్ తనంతట తాను మొదలవడం విన్నప్పుడు, ఆ చిన్న టక్‌మన్న చప్పుడుకే ఒళ్ళు జలదరిస్తుంది. ఎవరు రికార్డు చేస్తున్నారు? ఎవరి కోసం? హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటున్నది నేనే కదా అని ఒక ఆలోచన వస్తుంది చూడండి, దాన్నుంచి నేను ఇప్పటికీ బయటపడలేదు.

మొదట్లో ఆర్కైవిస్ట్ దేన్నీ నమ్మడు. తాగి ఉన్నాడు, మందులు వాడుతున్నాడు, కల కని ఉంటాడు అని కొట్టిపారేస్తాడు. కాబోయేవాణ్ణి పోగొట్టుకుని, పొగమంచులో ఖాళీ సమాధుల మధ్య చిక్కుకున్న ఒకావిడ స్వయంగా వచ్చి చెప్పినా కటువుగానే మాట్లాడతాడు. నాకు ఆయన మీద చాలా కోపమొచ్చింది అప్పుడు. మొదటి సీజన్ చివర్లో, ప్రాణం మీదకి వచ్చినప్పుడు, మార్టిన్ నిలదీస్తే నిజం చెబుతాడు. నమ్మకపోవడం కాదు, భయం. నిజమైన వాంగ్మూలం చదివేటప్పుడల్లా తనని ఏదో చూస్తున్నట్టు అనిపిస్తుందని, తను నమ్మినట్టు దానికి తెలియకూడదని ఆ వెటకారమంతా అడ్డం పెట్టుకున్నానని చెబుతాడు. అప్పటిదాకా విన్నవన్నీ మళ్ళీ మొదటినుంచి వినాలనిపించింది. విన్నాను కూడా. ఆ వెటకారం కింద గొంతు ఎక్కడెక్కడ తొందరపడుతుందో రెండోసారి స్పష్టంగా వినపడింది. రాసిన మనిషే చదివితే వచ్చే లాభం అది.

కథ ముందుకి పోయేకొద్దీ వినడం కూడా ఒక పనే అని, దానికి ఫలితం ఉంటుందని తెలుస్తుంది. ఆర్కైవిస్ట్‌కి ఎదురుగా కూర్చుని తమ అనుభవం చెప్పుకున్నవాళ్ళు తర్వాత రోజూ రాత్రి అదే పీడకల కంటారు. ఆ కలలో ఆయన కూడా ఉంటాడు. సాయం చేయడు, ఊరికే చూస్తుంటాడు. వినడమంటే పక్కన నిలబడటం అని నేను అనుకునేదాన్ని. ఈ కథలో వినేవాడు ఎదుటివాడి భయాన్ని తిని బతుకుతాడు.

మా పనిలో ఒక చట్టం ఉంది, హిపా. 1996లో అమెరికాలో వచ్చింది. పేషెంటు వివరాలు బయటికి పోకూడదు. మేము పని చేసే ఫ్లోర్ మీదకి ఫోన్ తీసుకుపోనివ్వరు, కాగితం పెన్ను కూడా ఉండకూడదు. ఎవరి పేరూ ఇంటికి తీసుకురాను. కానీ గొంతులు వస్తాయి. ఒకరి రిపోర్టులో విన్న ఒక వాక్యం అన్నం కలుపుకుంటుంటే గుర్తొస్తుంది. ఆవిడకి నేనొకదాన్ని ఉన్నానని కూడా తెలీదు. తన కష్టం డాక్టరు గదిలోనే ఉండిపోయిందనుకుంటుంది. ఆవిడ బాగుండాలని మనసులో అనుకుంటాను, అంతకంటే చేయగలిగింది లేదు. ఈ సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పుకోలేకపోయాను, ఎలా చెప్పాలో తెలీక. ఎక్కడో లండన్‌లో కూర్చుని ఒకాయన దాన్నే కథ చేశాడు. ఈ ఉద్యోగంలో ఉన్న ప్రతి ఒక్కరూ ఇది వినాలని నా కోరిక.

అన్ని సీజన్లూ ఒకేలా నచ్చాయా అంటే, లేదు. మొదటి రెండూ భయానికి, మూడు నాలుగు మనుషులకి. ఐదోది 2020 ఏప్రిల్‌లో మొదలైంది. అందరం ఇళ్ళలో బందీలమై ఉన్న రోజులవి. కథలో ప్రపంచమే తలకిందులైపోయి ఉంటుంది, ఇద్దరు మనుషులు దాని గుండా నడిచిపోతుంటారు. ఆ రోజుల్లో అది నాకు తోడుగా అనిపించింది. కానీ భయం మాత్రం తగ్గింది. అంతటా భయమే ఉన్న లోకంలో సందు చివర నిలబడ్డ ఒక్క మనిషికి ఎవరు ఉలిక్కిపడతారు? ముగింపు మీద జనం ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నాకు సబబుగానే తోచింది.

ఇంకో సంగతి. ప్రతి ఎపిసోడ్ చివరా ఒక ప్రకటన వస్తుంది. ఈ పాడ్‌కాస్ట్‌ని క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద పంచుతున్నామని. మూలం ఎవరిదో చెప్పాలి, దాంతో డబ్బు చేసుకోకూడదు, నువ్వు దాన్నుంచి చేసింది కూడా ఇదే షరతు మీద అందరికీ ఇవ్వాలి. ఈ మూడూ ఒప్పుకుంటే తీసుకుని మార్చుకోవచ్చు. శ్రోతలు పేట్రియాన్‌లో నెలనెలా ఇచ్చిన డబ్బు దీనికి ఊతం. ఎపిసోడ్‌ల స్క్రిప్టులు కూడా చదువుకోవడానికి దొరుకుతాయి. చెవుడు ఉన్నవాళ్ళకి, ఆ యాస అందనివాళ్ళకి అది ఎంత సాయమో నాకు తెలుసు. మొదట్లో నాకూ కొన్ని బ్రిటిష్ మాటలు అందక స్క్రిప్టు పక్కన పెట్టుకునే విన్నాను. మేము రోజూ అమెరికన్ గొంతులు విని విని చెవి అటే తిరిగిపోయి ఉంటుంది.

తర్వాత 2022లో కొత్త సిరీస్ కోసం కిక్‌స్టార్టర్ అనే సైట్‌లో చందాలు అడిగితే శ్రోతలు ఇచ్చింది 7 లక్షల పౌండ్లు దాటింది. అదే ద మాగ్నస్ ప్రోటోకాల్, 2024 జనవరిలో మొదలైంది. అందులో ఒక ప్రభుత్వ ఆఫీసు, నైట్ షిఫ్ట్‌లో నలుగురైదుగురు ఉద్యోగులు, పాతబడిన కంప్యూటర్లు. కేసులు మనిషి చదవడు. కంప్యూటరే గొంతు తెచ్చుకుని చదువుతుంది, ఉద్యోగులు అది ఏ కోవలోకి వస్తుందో చూసి నంబరు వేస్తారు. నేను సాఫ్ట్‌వేర్ టైప్ చేసింది దిద్దుతూ తెల్లవారుజాము మూడింటికి టీ తాగే మనిషిని. మొదటి ఎపిసోడ్ వింటూ నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. పాతదాని అంత గట్టిగా పట్టుకోలేదు ఇంకా, కానీ ఆ ఆఫీసు కబుర్లు, టీ దగ్గర ఒకరినొకరు ఆటపట్టించుకోవడం అచ్చం మా ఫ్లోరే.

కొత్తగా వినేవాళ్ళు మొదటినుంచి వరసగా వినండి. మధ్యలోంచి మొదలుపెడితే పేర్లు అందవు. ఇరుకు గదులంటే ఊపిరాడనివాళ్ళు 15వది, లాస్ట్ జాన్స్ కేవ్, వదిలేయండి. గుహలో ఇరుక్కున్న అక్కచెల్లెళ్ళ కథ, నేనే మధ్యలో లేచి కిటికీ తీశాను. పురుగులు పడనివాళ్ళకి మొదటి సీజన్ మొత్తం కాస్త కష్టమే.

ఇక నా స్వార్థం. లైసెన్స్ అనుమతి ఇస్తోంది కాబట్టి డు నాట్ ఓపెన్‌ని తెలుగులోకి తెస్తున్నాను. ఊరు మార్చను, బోర్న్‌మత్‌ని బాపట్ల చేయను. జాషువా జాషువానే. మార్చాల్సింది చదివే తీరు. పోలీస్ స్టేషన్‌లో పంచనామా చదివి వినిపిస్తారే, మండల ఆఫీసులో పాత రికార్డు తీసి గొణుగుతారే, ఆ చదువు కావాలి. సగానికి పైగా రాయడం అయింది. తాళంచెవిని ఫ్రీజర్‌లో పెట్టే చోట రెండు రాత్రులు పట్టింది ఆ ఒక్క పేరా సరిగ్గా కుదరడానికి. అమ్మమ్మకి చదివి వినిపిస్తే గిన్నె స్టీలుదా గాజుదా అని అడిగింది, గాజుదైతే పగిలిపోతుంది కదా అని. స్టీలుదే అని రాశాను.

ఇప్పుడు గొంతు కావాలి. నాది పనికిరాదు, కథ చెబుతున్నట్టు వచ్చేస్తుంది. మగైనా ఆడైనా పర్లేదు. గొంతులో నాటకం ఉండకూడదు, కొంచెం విసుగు ఉండాలి, ఈ ఫైలు తొందరగా అయిపోతే ఇంటికి పోదామన్న తొందర ఉండాలి. డబ్బు ఇవ్వలేను, లైసెన్స్ ప్రకారం మనం తీసుకోనూ కూడదు. ఆసక్తి ఉంటే ఏదైనా కరెంటు బిల్లో, బ్యాంకు నోటీసో తీసుకుని రెండు నిమిషాలు చదివి రికార్డు చేసి పంపండి. ఫ్యాను ఆపి చదవండి, నాకు ఆ హోరు వినపడిపోతుంది.